చలిమంట పైన సిపాయి

ఇంగ్లండులోని చాటమ్ ఊరు మొత్తం వెతికినా ఏమస్ హాగ్‌బెన్ అంత పిరికివాడు దొరకడు. ఈ మాట గిట్టనివాళ్ళు పుట్టించింది కాదు, ఆయనే నలుగురిలో చెప్పుకునేవాడు. మంగలి గడ్డం గీస్తూ చెంప మీద చిన్న గాటు పెడితే, అద్దంలో ఆ ఎర్రచుక్క చూసి కుర్చీలోనే కళ్ళు తేలేసిన ఘనుడు. అలాంటి మనిషి జన్మంతా గీసింది ఏమిటయ్యా అంటే యుద్ధాలు. ఫిరంగులు, చిరిగిన జెండాలు, బురదలో కూలిన గుర్రాలు, నెత్తురోడుతూ కూడా తుపాకి వదలని సిపాయిలు. నిజం నెత్తురు చూడలేనివాడు డబ్బాల కొద్దీ ఎర్రరంగు ఖర్చుపెట్టాడు.

ఏమస్ తండ్రి సారాకొట్లకి బోర్డులు రాసేవాడు. నల్లసింహం, తెల్లగుర్రం, రాజుగారి తలకాయ, ఏది అడిగితే అది. కొడుక్కి కుంచె పట్టడం నేర్పింది ఆయనే. అందుకేనేమో, ఏమస్ గీసిన యుద్ధాల్లో గుర్రాలన్నీ సారాకొట్టు బోర్డు మీది గుర్రాల్లాగే ఉండేవి. గుండు తగిలి పడిపోతూ కూడా మెడ వంచి, తోక విదిల్చి, చూసేవాళ్ళని లోపలికి రమ్మని పిలుస్తున్నట్టే పడిపోయేవి.

కొండ మీద సిపాయిలుండే బారకాసులు, కొండ కింద ఓడలు కట్టే రేవు. పొద్దున్నే బాకా మోత, రోజంతా తారు కాగే వాసన. ఆ రెండింటి మధ్య పుట్టినవాడికి సిపాయిల పిచ్చి పట్టుకోవడంలో వింతేమీ లేదు. ఆ పిచ్చికి తగ్గ పెళ్ళామే దొరికింది. కెజియా తండ్రి బారకాసులకి కోట్లు కుట్టే దర్జీ. ఏ పటాలానికి ఏ రంగు మెడపట్టీ, ఏ కోటుకి గుండీలు జంటలుగా ఉంటాయి, ఏ కోటుకి విడివిడిగా ఉంటాయి, అన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. భర్త బొమ్మ ముందు నడుం మీద చేతులు వేసుకుని నిలబడేది.

"ఈ కోటు తొడుక్కుని నీ సిపాయి పరేడుకి పోయాడనుకో, శత్రువు దాకా ఎందుకు, వాళ్ళ సార్జెంటే తోలు తీస్తాడు. మెడపట్టీ పసుపు, ఏమస్! నువ్వు తెలుపు పులిమావు."

"నీడలో ఉన్నాడు కదా, తెల్లగా కనపడుతోంది."

"నీడలో పసుపు తెలుపవుతుందా? మీ నాన్న రాసిన నల్లసింహం కూడా నీడలో మేకలాగే ఉండేదిలే."

నమూనాకి సిపాయిల్ని పిలిస్తే వాళ్ళకి బీరు పోయాలి, రొట్టె, చీజు పెట్టాలి. ఉన్న నాలుగు డబ్బులూ రంగులకే చాలేవి కావు. అందుకని చాలా ఏళ్ళు ఆ ఇంట్లో యుద్ధాలన్నీ కెజియా ఒక్కతే చేసింది. వంటింటి బల్ల తిరగేస్తే కోటగోడ. చీపురుకట్ట తుపాకి. మంచు కావాలంటే నేల మీద గోధుమపిండి. ఒకసారి పాలవాడు తలుపు తోసుకుని లోపలికొచ్చేసరికి, ఇల్లాలు ఎర్రకోటు తొడుక్కుని, చేతులు బార్లా చాచి నేల మీద వెల్లకిలా పడి ఉంది. వాడు కుండ జారవిడిచి కేకలు మొదలెట్టాడు. ఆవిడ వేలు కూడా కదపకుండా, "అరవకు నాయనా, నేనింకా పోలేదు. ఆయన చంపడం పూర్తవలేదు. మిగిలిన పాలు గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళు" అంది. ఆ కబురు నాలుగు వీధులూ తిరిగింది. తిరిగితే తిరిగింది, ఏమస్‌ని ఏమన్నా పడేవాడు గానీ, కెజియాని ఎవరైనా ఒక్కమాట అంటే మాత్రం ఆ పిరికివాడి చెవులు ఎర్రబడేవి.

రష్యాతో యుద్ధం వచ్చిన ఏడు, ఏమస్ అన్నిటికన్నా పెద్ద బొమ్మ మొదలుపెట్టాడు. దాని పేరు 'గుక్కెడు నీళ్ళు.' కూలిపోయిన స్నేహితుడి పక్కన ఒక సిపాయి మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళసీసా వాడి నోటికి అందిస్తుంటాడు. వెనక అంతా పొగ. ఈసారి కెజియాతో పని జరగదు. ఆవిడ చేతులు చిన్నవి, నీళ్ళసీసా పట్టుకుంటే పాపాయికి పాలు పడుతున్నట్టుంది. నిజం సిపాయి కావాల్సివచ్చింది. బారకాసుల నుంచి వచ్చాడు నెడ్ టాప్లీ.

ఇరవై ఏళ్ళు కూడా లేవు. సిపాయిల బట్టలుతికే డోర్కస్ టాప్లీకి ఒక్కగానొక్క కొడుకు. ఒక చెవి డొప్పలా బయటికి పొడుచుకొచ్చి ఉండేది. కుడిచేతి చిటికెనవేలు వంకర. చిన్నప్పుడు తల్లి బట్టలు పిండే రోలర్ల మధ్య పెట్టుకుని నలగ్గొట్టుకున్నాడు. ఇక నవ్వంటారా, అది వాడి చేతిలో లేదు. గుమ్మంలోకి వస్తూ నవ్వేవాడు, కోటు గుండీలు పెట్టుకుంటూ నవ్వేవాడు. కూలిపోయిన స్నేహితుడి స్థానంలో ఏమస్ ఒక పిండిమూటకి కోటు తొడిగి పడుకోబెట్టాడు. ఆ మూటని చూస్తే చాలు, వాడు పగలబడేవాడు.

"నవ్వకురా! నీ స్నేహితుడు చచ్చిపోతున్నాడు!"

"తెలుస్తూనే ఉందండీ. రెండ్రోజుల్నించీ పలకరిస్తున్నా, ఉలుకూ పలుకూ లేదు."

"నెడ్!"

"అయ్యగారూ, వీడికి ఈ నీళ్ళు తాగించామనుకోండి, లోపల పిండి తడుస్తుంది కదా. తర్వాత రొట్టెలు కాల్చుకుందామా?"

వంటింట్లోంచి కెజియా నవ్వు వినిపించేది. ఆ నవ్వు ఆ ఇంట్లో అపురూపమైపోయిన రోజులవి. ఆ చలికాలంలోనే ఏమస్‌కీ కెజియాకీ పుట్టిన ఆడపిల్ల, మొదటి నవ్వు కూడా నవ్వకుండా, జ్వరంతో పోయింది. ఆ తర్వాత కెజియా బట్టలు మడతపెడుతున్నా, బంగాళాదుంపలు తరుగుతున్నా చూపు మాత్రం ఎక్కడో ఉండేది. నెడ్ వచ్చిన పూట మాత్రం ఆవిడ పొయ్యి దగ్గర కాస్త మనిషిలా తిరిగేది.

మొహం ఆఖరికి గీద్దామని ఏమస్ పక్కన పెట్టాడు. ముందు ఎర్రకోటు గీశాడు. వంగిన వీపు గీశాడు. సీసా పట్టుకున్న చెయ్యి, వంకర వేలుతో సహా గీశాడు. డొప్పచెవి కూడా గీశాడు. మధ్యలో కోడిగుడ్డంత తెల్లటి ఖాళీ మిగిలింది. వీడు ఈ వారం కాకపోతే వచ్చే వారమైనా కుదురుగా కూర్చోకపోతాడా అని చూస్తూ ఉండగానే, పటాలానికి కదలమని ఆజ్ఞ వచ్చింది. వీధి నిండా జనం, బ్యాండు మేళం. సందులో ఇరుక్కుపోయిన డోర్కస్‌కి కొడుకు మొహం కనపడనేలేదు. టోపీల వరసలో ఒక టోపీ చూసి అదే వాడిదనుకుని చెయ్యి ఊపింది.

ఏమస్‌కి ఖాళీ మొహం మిగిలింది. లండన్ చలికాలపు ప్రదర్శనకి బొమ్మ పంపాల్సిన గడువు ముంచుకొచ్చింది. కళ్ళు మూసుకుంటే నెడ్ నవ్వే గుర్తొస్తుంది గానీ, చచ్చిపోయేవాడికి నీళ్ళు పట్టేవాడు నవ్వితే లోకం ఏమంటుంది? అలవాటు ప్రకారం కెజియాని పిలిచాడు. ఆవిడ టోపీ పెట్టుకుని మూట పక్కన కూర్చుంది. దిగులుగా ఉండమని చెప్పే పనే పడలేదు. మూట వైపు వంగి చూస్తున్న ఆ మొహంలో ఏముందో ఏమస్‌కి తెలుసు, ఆవిడకీ తెలుసు. ఆయన గీశాడు, ఆవిడ కూర్చుంది. ఆయన జన్మలో గీసిన మొహాలన్నిట్లోకీ గొప్ప మొహం అదే.

ఒక్క తెలివితక్కువ పని చేశాడు. టోపీ కింద నీడ కోసం, కళ్ళ చుట్టూ లోతు కోసం తారు కలిపిన గోధుమరంగు వాడాడు. అప్పట్లో లండన్ చిత్రకారులంతా దాని వెంటే పడ్డారు. పూసిన రోజున తేనెపాకంలా మెరుస్తుంది మరి. చాటమ్‌లో పాకే పిల్లాడికి కూడా తెలుసు, తారు ఎన్నాళ్ళైనా ఆరదని, వేడి తగిలితే కారుతుందని. కెజియా ఒకసారి అంది కూడా. "ఓడల కింద పూసేది మనిషి మొహానికి పూస్తావా?" అని. పెద్ద పెద్ద వాళ్ళే వాడుతున్నారన్నాడు. పోయేకాలానికి పెద్దవాళ్ళే తోడు.

ఆకులు రాలే కాలానికి కబురొచ్చింది. నెడ్ టాప్లీ యుద్ధం దాకా వెళ్ళనేలేదు. డేరాల్లో కలరా వచ్చి పోయాడు. సమాధి ఎక్కడో కూడా ఎవరికీ తెలియదు.

డోర్కస్ నల్లబట్టలు వేసుకుని ఏమస్ ఇంటికి వచ్చింది. "మా వాడి బొమ్మ మీ దగ్గరుందటగా అయ్యా. ఒక్కసారి చూసి పోతాను" అంది. ఫోటో తీయించుకునే స్తోమత వాళ్ళకెక్కడిది. ఆవిడ బొమ్మ ముందు నిలబడి మొదట వంకర వేలు చూసింది, దాని మీద చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకుంది. తర్వాత చెవి చూసింది. తర్వాత టోపీ నీడలో సగం మునిగిన ఆ మొహం వంక చాలాసేపు చూసింది.

"ఇలాగే ఉన్నాడా అయ్యా? ఇక్కడ కూర్చున్నప్పుడు?"

నిజం చెప్పడానికి అదొక్కటే అదను. ఏమస్ కెజియా వైపు చూశాడు, నేల వైపు చూశాడు. తల్లి కడుపుకోత ముందు నిజం ఎంతటిదిలే అనుకున్నాడు. "అవునమ్మా. అచ్చం ఇలాగే" అన్నాడు.

ఆవిడ తల ఊపి, ముక్కు తుడుచుకుని వెళ్ళిపోయింది.

లండన్‌లో 'గుక్కెడు నీళ్ళు' బొమ్మని పైకప్పుకి ఆనించి వేలాడదీశారు. మెడలు నొప్పెట్టే దాకా చూసే ఓపిక ఉన్నవాళ్ళు బాగుందన్నారు. పదవి విరమించిన మేజరు ఒకాయన కొని, చాటమ్ సిపాయిలు చదువుకునే గదికి దానమిచ్చాడు. వాళ్ళు దాన్ని గోడగూట్లో వేసే చలిమంట పైన, అందరికీ కనపడేలా తగిలించారు. ఆ తర్వాత ఏమస్ గీసిన ఏ యుద్ధమూ లండన్ గడప తొక్కలేదు. చివరికి నాన్న బోర్డులకి వాడిన నిచ్చెనే దుమ్ము దులుపుకుని, నల్లసింహాలకీ తెల్లగుర్రాలకీ తిరిగొచ్చాడు. దానికి ఆయన పెద్దగా బాధపడినట్టు లేడు. బోర్డు మీది సింహం ఎవరికీ అబద్ధం చెప్పదు అనేవాడు.

ప్రతి ఆదివారం చర్చి అయ్యాక డోర్కస్ ఆ గదికి వెళ్ళేది. శాలువా కొసతో చట్రం తుడిచి, బొమ్మ ఎదురుగా నిలబడి, ఆ వారం ఊళ్ళో జరిగిన కోతికబుర్లన్నీ కొడుక్కి చెప్పేది. ఏడుపుమాట ఒక్కటి ఉండేది కాదు. "విన్నావట్రా నెడ్డీ, చర్చి గుమాస్తా విగ్గుని కుక్క ఎత్తుకుపోయింది! ఆ బట్టతల మీద గంట కొట్టొచ్చనుకో!" చెప్పి, కాస్త ఆగి, బొమ్మ మొహంలోకి తేరిపార చూసేది. తర్వాత ఇంకోటి చెప్పేది. కొత్తగా వచ్చిన సిపాయిలు ముసలమ్మకి మతి చలించిందని గుసగుసలాడితే, ఆ గదిని చూసుకునే బన్స్ సార్జెంటు కర్రకాలు నేలకేసి కొట్టి నోరు మూయించేవాడు. వెనక బల్ల మీద పత్రిక అడ్డం పెట్టుకుని కెజియా కూర్చునేది. ఏమస్ మాత్రం ఆ గదిలోకి అడుగు పెట్టేవాడు కాదు. అడిగితే మెట్లు ఎక్కలేనని చెప్పేవాడు. ఉన్నవి మూడు మెట్లు.

అలా ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. ఆ ఏడు చలి ఎముకలు కొరికింది. చదువుకునే గదిలో పొద్దస్తమానం బొగ్గు మండుతూనే ఉంది. ఒకరోజు బన్స్ సార్జెంటు టకటకమని కర్రకాలు ఆడించుకుంటూ ఏమస్ ఇంటికి వచ్చాడు.

"హాగ్‌బెన్, నీ సిపాయి ఏడుస్తున్నాడయ్యా."

"ఏమిటీ?"

"తాగి మాట్లాడట్లేదు. వచ్చి చూడు. కళ్ళ కింద నుంచి నల్లగా కారుతోంది. ఒక కన్ను అప్పుడే చెంప మీదికొచ్చింది. రేపో మాపో మూతి కూడా జారేట్టుంది. ఆ ముసల్ది నిన్న చూసి ఏమందో తెలుసా? 'మా వాడికి ఒంట్లో బాగాలేదు, ఏమస్ గారితో చెప్పి బాగు చేయించండి' అంది."

ఏమస్ ఆ మూడు మెట్లూ ఎక్కాడు. చూశాడు. తారు మొహం మొత్తాన్ని లాక్కుని దిగుతోంది. చెయ్యి బాగానే ఉంది, చెవి బాగానే ఉంది. కెజియా మొహమే కరిగిపోతోంది.

బొమ్మని దింపించి ఇంటికి తెచ్చుకున్నాడు. కాస్త తుడిచి కాస్త పూస్తే సరిపోతుందనుకున్నారు ఊళ్ళోవాళ్ళు. చిన్న కత్తితో గీకడం మొదలెడితే తారుతో పాటు మొహం కూడా ముద్దముద్దగా ఊడి వచ్చింది. కళ్ళు పోయాయి. మూతి పోయింది. ఆఖరికి వంకర వేలుకీ డొప్పచెవికీ మధ్య, ఇరవై ఏళ్ళ కిందటిలాగే, కోడిగుడ్డంత తెల్లటి ఖాళీ మిగిలింది.

"మళ్ళీ కూర్చో కెజియా" అన్నాడు.

కూర్చుంది. పాత టోపీ పెట్టుకుంది. పాపం, ఆవిడ జుట్టు నెరిసింది, బుగ్గలు జారాయి. ఆయన గీశాడు, తుడిచేశాడు, మళ్ళీ గీశాడు. ఒకసారి ముసలి సిపాయి వచ్చాడు, ఇంకోసారి సిపాయి కోటులో ముసలమ్మ వచ్చింది. కుంచె విసిరేసి నెత్తి పట్టుకు కూర్చున్నాడు.

కెజియా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఆ దిగులు నాలో ఇప్పుడు లేదు ఏమస్. పోయిందని కాదు, మెత్తబడింది. నువ్వెంత వెతికినా దొరకదు. వెళ్ళి ఆవిడకి నిజం చెప్పు."

"చెబితే ఆ ముసలి ప్రాణం నిలుస్తుందా? ఉన్న ఒక్క మొహం కూడా కొడుకుది కాదని, వాడి సమాధి లాగే ఇదీ లేదని చెప్పమంటావా?"

"మరి ఏం చేస్తావు? ఇంకో అబద్ధం గీస్తావా? దాన్నైనా తారుతో గీయకు."

ఏమస్ విసిరేసిన కుంచె ఏరుకున్నాడు. రెండు మూడు రోజులు తిండి కూడా సరిగా తినలేదు. కుంచె పట్టుకోవడం, పెట్టెయ్యడం. మనసులో రెండు దారులే కనపడ్డాయి. ఎవడో ఒక కుర్రాడి మొహం పెట్టి ఇదే నీ కొడుకని ఆ తల్లికి ఇవ్వడం ఒకటి. నోరు విప్పి, ఉన్నది కూడా లాక్కోవడం ఇంకొకటి. ఫిరంగి ముందు నిలబడటం ఇంతకన్నా నయం కాబోలు అనుకున్నాడు.

డోర్కస్ ఆగలేక తనే వచ్చేసింది. ఇస్త్రీ బట్టల బుట్ట చంకలో ఉంది. ఆదివారం వరకూ ఓపిక పట్టలేకపోయానంటూ సిగ్గుపడింది. గది మధ్యలో స్టాండు మీదున్న బొమ్మని చూసి బుట్ట కిందపెట్టేసింది.

"అయ్యో! మొహం ఏదయ్యా?"

వస్తుందమ్మా, శుభ్రం చేస్తున్నాను అనే మాట ఏమస్ నాలిక చివర సిద్ధంగా ఉంది. గుమ్మంలో కెజియా నిలబడి ఉంది. ఆయన్నే చూస్తోంది. ఏమస్ కుంచె కింద పెట్టాడు. బల్ల అంచు పట్టుకున్నాడు.

"డోర్కసమ్మా, అది నెడ్ మొహం కాదు. ఎప్పుడూ కాదు."

ఆవిడ అర్థం కానట్టు చూసింది.

"చెయ్యి వాడిదే. చెవి వాడిదే, ఒళ్ళూ వాడిదే. మొహం గీసే లోపే పటాలం వెళ్ళిపోయింది. మీరొచ్చి అడిగిన రోజు అబద్ధం చెప్పాను. పిరికివాణ్ణి. క్షమించమని అడగడానికి కూడా నోరు రావట్లేదు."

"మరి ఎవరిది?"

"నాదమ్మా" అంది కెజియా. "ఆ ఏడే మా పాప పోయింది. ఆ మొహమే పెట్టాడు."

డోర్కస్ కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "మొహం గీసే లోపే వెళ్ళాడా? అన్నిసార్లు వచ్చాడుగా వాడు. మొహం ముందెందుకు గీయలేదు?" అంది.

"గీయనిస్తేగా! ఒక్క క్షణం కుదురుగా ఉంటేగా! నవ్వేవాడమ్మా. అదిగో, ఆ మూల పిండిమూట పెట్టి, చచ్చిపోతున్న నీ స్నేహితుడురా అంటే, దానితో పరాచికాలాడేవాడు. నేను తిట్టేకొద్దీ ఇంకా నవ్వేవాడు. వాడి నవ్వు ఆగితే గీద్దామని కూర్చున్నాను, ఆగలేదు."

"నవ్వాడా?" ఆవిడ ముందుకి వంగింది. "ఇక్కడా? ఈ గదిలో?"

"ఈ గదిలోనే."

"వెళ్ళబోయే ముందు కూడానా?"

"ఆఖరి రోజు కూడా. గుమ్మం దాటుతూ మూటకి సెల్యూట్ కొట్టి మరీ వెళ్ళాడు. నేను తిరిగొచ్చేదాకా దీన్ని బతికించి ఉంచండి అన్నాడు."

డోర్కస్ శాలువాలో మొహం దాచుకుంది. భుజాలు అదురుతున్నాయి. చంపేశాను, నిలువునా చంపేశాను అనుకుని ఏమస్ గోడకి చేరగిలబడ్డాడు. కెజియా వెళ్ళి ఆవిడ వీపు మీద చెయ్యి వేసింది.

"ఇన్నేళ్ళూ," అంది డోర్కస్ గుడ్డలోంచే, "ఇన్నేళ్ళూ నా బిడ్డ అంత దిగులు పెట్టుకుని వెళ్ళాడని కుమిలిపోయానయ్యా. ఇంట్లో నవ్వుతూ తిరిగాడు కదా, ఇక్కడికొచ్చి ఇలా కూర్చున్నాడేమిటి, నాకు చెప్పుకోలేని భయం ఏదో మోశాడు కాబోలు, తల్లినై ఉండి పసిగట్టలేకపోయానే అని. ఒంటరిగా దిగులుపడి వెళ్ళి ఒంటరిగా పోయాడే అని. అందుకే కదా వారం వారం ఆ పనికిమాలిన కబుర్లన్నీ ఏరుకొచ్చి చెప్పింది. ఒక్కసారైనా వాడి మొహం తేటపడుతుందేమోనని!"

ఆవిడ తలెత్తి, కెజియా చెయ్యి పట్టుకుంది.

"అయితే తల్లీ, ఇన్నేళ్ళూ నేను నవ్వించాలని చూసింది నిన్నా?"

కెజియా కళ్ళు తుడుచుకుంది. "నవ్వేదాన్ని కూడా. వెనక బల్ల మీద కూర్చుని. గుమాస్తా విగ్గు పోయిన వారమైతే ఆపుకోలేక బయటికెళ్ళి గోడ పట్టుకుని మరీ నవ్వాను. మా పాప పోయాక నేను అంతలా పగలబడి నవ్వడం అదే మొదలు."

"నిజంగా?"

"మీ మీద ఒట్టు."

అప్పుడు నవ్వింది డోర్కస్. కన్నీళ్ళు చెంపల మీద ఉండగానే నవ్వింది. ముందు పెదవి ఒక పక్కకి లేచింది, ఒక కన్ను సగం మూతపడింది, ఆ తర్వాత మొహం మొత్తం విచ్చుకుంది. ఏమస్ గోడ దగ్గర నుంచి ఒక్క గంతు వేశాడు. ఇరవై ఏళ్ళుగా కళ్ళు మూసుకుంటే కనపడి, కుంచెకి దొరక్కుండా పోయిన నెడ్ నవ్వు అది. ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది.

"కదలకండి!" అని అరిచాడు.

"కదలకుండా నవ్వమంటే ఎలాగయ్యా?"

"సరే, కదలండి! నవ్వండి, మీ ఇష్టం! ఏదో ఒకటి చెబుతూ ఉండండి!"

ఆవిడ చెప్పింది. నెడ్ పాలపళ్ళు ఊడిన కథ, బారకాసుల వంటవాడి టోపీలో గుడ్డు దాచిన కథ, వేలు నలగ్గొట్టుకుని ఏడుస్తూనే ఆ కట్టుకి మూతీ ముక్కూ గీసుకుని ఆడుకున్న కథ. కెజియా టీ పెట్టింది, టీ చల్లారిపోయింది. ఏమస్ మంచి రంగులే వాడాడు, తారు డబ్బా అప్పటికే రేవులో పడవలవాళ్ళకి ఇచ్చేశాడు. కుదురుగా కూర్చున్నవాళ్ళని గీయడమే తెలిసిన మనిషి, ఆ పూట మొదటిసారి కదిలే మొహం వెంట కుంచెతో పరిగెత్తాడు. డోర్కస్ మళ్ళీ మళ్ళీ వచ్చి కూర్చుంది. ముడతలు తీసేసి, ఇరవై ఏళ్ళ వయసు వేసి, మిగిలిందంతా ఉన్నది ఉన్నట్టు దించాడు. వంకర వేలు, డొప్పచెవి, మధ్యలో వాటికి తగ్గ మొహం. స్నేహితుడి నోటికి నీళ్ళసీసా అందిస్తూ సిపాయి నవ్వుతున్నాడు, ఏం కాదులేరా అన్నట్టు.

రంగు ఆరాక బొమ్మని మళ్ళీ చదువుకునే గదికి మోసుకెళ్ళారు. ఈసారి చలిమంటకి దూరంగా, కిటికీ ఎదురుగోడకి తగిలించారు. బన్స్ సార్జెంటు దూరంగా నిలబడి చూసి గొణిగాడు.

"యుద్ధంలో నవ్వేవాడెవడయ్యా? చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు. తర్వాత కర్రకాలు నిమురుకుంటూ, "ఉండేవాళ్ళులే. నన్ను భుజాన వేసుకుని మోసుకొచ్చినవాడు దారి పొడుగునా నా బరువు మీద జోకులే వేశాడు" అన్నాడు.

ఆదివారం వచ్చింది. ఏమస్ మూడు మెట్లూ ఎక్కి, వెనక బల్ల మీద కెజియా పక్కన కూర్చున్నాడు. డోర్కస్ చర్చి నుంచి వచ్చి, శాలువా కొసతో చట్రం తుడిచింది. వారమంతా పోగేసిన కబుర్లు చెప్పడానికి గొంతు సవరించుకుంది. తలెత్తి కొడుకు మొహం చూసింది.

"ఏంట్రా," అంది, "నీకు ముందే ఎవరు చెప్పేశారు?"